‘నో మాడ్యూల్ నేమ్డ్ సీవీ2’ అంటోంది, ఏం చేయాలన్నా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఓపెన్‌సీవీ గురించే. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల టైము కదా. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఫోటోలను, వీడియోలను కంప్యూటర్ చేత చదివించడానికి వాడే ఉచిత లైబ్రరీ ఇది, 1999లో ఇంటెల్‌లో మొదలైంది, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో దీన్ని సీవీ2 అనే పేరుతో పిలుస్తాం. కమాండ్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో అచ్చవుతున్నాయి, కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిషులోనే కొట్టండి. అడిగినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రం వేస్తున్నాం.

ప్రశ్న: అన్నా, మాది ఫేస్ రికగ్నిషన్‌తో అటెండెన్స్ వేసే ప్రాజెక్టు. ఓపెన్‌సీవీ ఎక్కించాను, ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అని కూడా వచ్చింది. రన్ చేస్తే మాత్రం ‘నో మాడ్యూల్ నేమ్డ్ సీవీ2’ అంటోంది. మూడుసార్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. ఎల్లుండి రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది.
– బీటెక్ విద్యార్థిని, హన్మకొండ

జవాబు: చెల్లె, ముందు ఇంకోసారి ఎక్కించడం ఆపు. నువ్వు ఎక్కించింది ఎక్కింది, అందులో అనుమానం లేదు. కాకపోతే పార్శిల్ కాజీపేటలో దిగింది, నువ్వు వరంగల్ స్టేషన్‌లో నిలబడి ఎదురుచూస్తున్నావు. నీ ల్యాప్‌టాప్‌లో ఒకటి కాదు, రెండో మూడో పైథాన్‌లు ఉండి ఉంటాయి: ఫస్ట్ ఇయర్‌లో ల్యాబ్ కోసం వేసుకున్నది ఒకటి, ఎవరో చెప్తే అనకొండతో పాటు వచ్చింది ఇంకొకటి, విండోస్ స్టోర్ నుంచి తెలియకుండానే దిగింది మరొకటి. లైబ్రరీలను దించి ఎక్కించే పిప్ ఒకదాంట్లో పెట్టింది, నువ్వు కోడ్ రాసుకునే వీఎస్ కోడ్ ఇంకోదాంతో నడుపుతోంది, అంతే తేడా.

ఏది నడుస్తోందో తెలుసుకోవడానికి, నీ ప్రోగ్రామ్‌లో సీవీ2ని ఇంపోర్ట్ చేసే లైనుకు పైన ‘ఇంపోర్ట్ సిస్’ అని, దాని కింద ‘ప్రింట్(సిస్.ఎగ్జిక్యూటబుల్)’ అని రాసి రన్ చెయ్. ఒక పొడుగాటి పాత్ వస్తుంది. దాన్ని కాపీ చేసుకుని, కమాండ్ ప్రాంప్ట్‌లో డబుల్ కోట్స్ మధ్య పేస్ట్ చేసి, పక్కనే ‘-ఎం పిప్ ఇన్‌స్టాల్ ఓపెన్‌సీవీ-పైథాన్’ అని కొట్టు. అంటే ఉత్త పిప్ అనకుండా, ఫలానా పైథాన్ తాలూకు పిప్ అని పేరు పెట్టి పిలుస్తున్నావన్నమాట. వీఎస్ కోడ్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, పీ మూడూ కలిపి నొక్కి ‘సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ అని వెతికినా అదే పని అవుతుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో చేస్తున్నవాళ్లు సెల్‌లోనే పర్సెంట్ గుర్తు పెట్టి ‘%పిప్ ఇన్‌స్టాల్’ అని రాస్తే నడుస్తున్న కెర్నల్‌లోకే వెళ్తుంది.

ఇంకో రెండు చూసుకో. ఎక్కించేటప్పుడు పేరు ఓపెన్‌సీవీ-పైథాన్, వాడేటప్పుడు పేరు సీవీ2. ‘పిప్ ఇన్‌స్టాల్ సీవీ2’ అని కొడితే ఎప్పటికీ దొరకదు. అలాగే నీ సొంత ఫైలుకు సీవీ2 డాట్ పీవై అని పేరు పెట్టి ఉంటే వెంటనే మార్చు, ఎందుకంటే పైథాన్ ముందు నీ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది, అసలు లైబ్రరీని వదిలేసి నీ ఫైలునే తెరుస్తుంది. అలాంటప్పుడు వచ్చే ఎర్రర్‌లో ‘పార్షియల్లీ ఇనిషియలైజ్డ్ మాడ్యూల్’ అనే మాట ఉంటుంది.

అటెండెన్స్ ప్రాజెక్టు అన్నావు కాబట్టి రేపు ఎదురయ్యేవి కూడా ఇప్పుడే చెప్తాను, రివ్యూ ముందు రాత్రి పరేషాన్ కావద్దు. ముఖాలు గుర్తుపట్టడానికి చాలామంది ఎల్‌బీపీహెచ్ పద్ధతి వాడతారు, అది ఉండే ‘ఫేస్’ అనే భాగం మామూలు ప్యాకేజీలో లేదు, ‘సీవీ2 హ్యాజ్ నో యాట్రిబ్యూట్ ఫేస్’ అని వస్తుంది. దానికి ఓపెన్‌సీవీ-కాంట్రిబ్-పైథాన్ కావాలి. కానీ ఉన్నదాని మీదే దీన్ని ఎక్కించకు. ఓపెన్‌సీవీకి పిప్‌లో నాలుగు ప్యాకేజీలున్నాయి: మామూలుది, కాంట్రిబ్, హెడ్‌లెస్, కాంట్రిబ్-హెడ్‌లెస్. నాలుగూ ఒకే సీవీ2 ఫోల్డర్‌లోకి వెళ్లి కూర్చుంటాయి కాబట్టి రెండు ఉంటే ఒకదాని ఫైళ్లను ఇంకొకటి చెరిపేస్తుంది. ‘పిప్ లిస్ట్’ కొట్టి ఉన్నవన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి, కాంట్రిబ్ ఒక్కటే వేసుకో, అందులో మామూలువి అన్నీ ఉంటాయి.

ఆ తర్వాత ‘డిటెక్ట్‌మల్టీస్కేల్’ దగ్గర ‘ఎంప్టీ’ అని ఆగితే, ముఖాలు పట్టే ఎక్స్‌ఎంఎల్ ఫైలు దొరకలేదని అర్థం. దాన్ని నెట్‌లోంచి దించుకోనక్కర్లేదు, ఓపెన్‌సీవీతో పాటే వస్తుంది, సీవీ2.డేటా.హార్‌క్యాస్కేడ్స్ అనే పాత్‌కు ఫైలు పేరు కలిపితే చాలు. ట్రైనింగ్ దగ్గర లేబుళ్లు పూర్ణాంకాలై ఉండాలి, అంటే స్టూడెంట్ల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు నేరుగా ఇవ్వకుండా 0, 1, 2 అని ఇచ్చి, ఏ అంకె ఎవరిదో వేరే డిక్షనరీలో దాచుకోవాలి. ఆ లేబుళ్లను నంపై (అంకెల పట్టికలతో పనిచేసే లైబ్రరీ) అర్రేగా మార్చే ఇవ్వాలి.

ఇంకొక్కటి. క్లాస్‌మేట్ల ఫోటోలు తీసేముందు ఎందుకో చెప్పి అడుగు, రివ్యూలు అయిపోయాక ఆ ఫోల్డర్ డిలీట్ చెయ్. ముఖం అంటే పాస్‌వర్డ్ లాంటిది కాదు, పోతే మార్చుకోలేం.

ప్రశ్న: సీనియర్ల ప్రాజెక్టు కోడ్ తీసుకుని నడిపిస్తున్నా సార్. వాళ్ల దగ్గర పనిచేసిందట. నా దగ్గర ఫైండ్‌కాంటూర్స్ లైన్‌లో ‘నాట్ ఇనఫ్ వాల్యూస్ టు అన్‌ప్యాక్, ఎక్స్‌పెక్టెడ్ 3, గాట్ 2’ అని వస్తోంది.
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వాళ్ల దగ్గర నిజంగానే పనిచేసింది తమ్ముడూ. 2015లో వచ్చిన ఓపెన్‌సీవీ 3లో ఆ ఫంక్షన్ (బొమ్మలోని ఆకారాల అంచులను, అంటే కాంటూర్లను వెతికేది) మూడు విలువలు ఇచ్చేది, 2018 చివర్లో వచ్చిన 4లో రెండే ఇస్తుంది, అంతకుముందు 2లో కూడా రెండే. పాత వెర్షన్ కోసం వెతకొద్దు, కొత్త పైథాన్‌లకు అది సరిగా దొరకదు కూడా. మొదటి పేరు తీసేసి రెండే పేర్లు ఉంచు, లేదంటే ఫంక్షన్ చివర చదరపు బ్రాకెట్లలో మైనస్ 2 అని పెడితే ఏ వెర్షన్‌లోనైనా కాంటూర్లే చేతికొస్తాయి. అరూకో మార్కర్లతో (కెమెరా గుర్తుపట్టే నలుపు తెలుపు గడుల గుర్తులు) చేసిన పాత కోడ్ తీసుకున్నవాళ్లకు కూడా ఇదే చెప్తున్నా, 4.7లో ఆ ఫంక్షన్ల పేర్లు మారిపోయాయి, మార్కర్లు పట్టడానికి ఇప్పుడు అరూకోడిటెక్టర్ అనే క్లాస్ వాడాలి. ఎవరి దగ్గర కోడ్ తీసుకున్నా ‘ఏ వెర్షన్‌లో నడిపారు’ అని ఒక్క మాట అడగండి. మీరు జూనియర్లకు ఇచ్చేటప్పుడు ‘పిప్ ఫ్రీజ్’ కొట్టి, వచ్చే లైబ్రరీల, వెర్షన్ల లిస్టు కూడా ఒక ఫైల్‌లో పెట్టి ఇవ్వండి.

ప్రశ్న: అన్నా నమస్తే. మాకు పసుపు తోట ఉంది. ఆకుమచ్చ తెగులు వచ్చిన ఆకుల ఫోటోలు ఫోన్‌లో తీసి, మచ్చ ఎంత మేరకు పాకిందో లెక్కపెట్టే ప్రోగ్రామ్ రాస్తున్నా. ‘-215 అసర్షన్ ఫెయిల్డ్, సోర్స్ ఎంప్టీ, ఇన్ ఫంక్షన్ సీవీటీకలర్’ అని వస్తోంది. రంగు మార్చే లైన్ తప్పా? నాలుగు రకాలుగా మార్చి చూసినా అదే.
– డిగ్రీ విద్యార్థి, జగిత్యాల దగ్గరి పల్లె

జవాబు: నీ ఉత్తరం చదివితే చాలా సంతోషమైంది తమ్మీ, మన పంట మీద మన పిల్లలే ఇలాంటి పని చేయాలి. ఆ లైన్ తప్పు కాదు. తప్పు దానికి పైన, ఫోటోను తెరిచే ఇమ్‌రీడ్ దగ్గర ఉంది. ఓపెన్‌సీవీలో నన్ను అందరికంటే ఎక్కువ ఏడిపించిన ఫంక్షన్ ఇదే: ఫోటో దొరక్కపోతే ఇది అరవదు, ప్రోగ్రామ్‌ను ఆపదు, మెల్లగా ‘నన్’ అని ఇచ్చి ఊరుకుంటుంది (కొత్త వెర్షన్లలో ఒక వార్నింగ్ లైన్ వస్తుంది గానీ ఎవరూ చూడరు). ఆ ఖాళీ చేతులు తర్వాతి ఫంక్షన్ దగ్గర బయటపడతాయి, ఎర్రర్ దాని పేరు మీద వస్తుంది. అందుకే ఇమ్‌రీడ్ కింద ప్రతిసారీ ‘ఇఫ్ ఇమేజ్ ఈజ్ నన్’ అని చూసి, ఏ ఫైల్ దగ్గర ఆగిందో ప్రింట్ చేయించు.

ఎందుకు దొరకలేదు అనేదానికి నీ ఉత్తరంలోనే జవాబు ఉందనుకుంటా, నువ్వు పంపిన స్క్రీన్ ఫోటోలో ఫోల్డర్ పేరు ‘పసుపు ఆకులు’ అని తెలుగులో ఉంది. విండోస్‌లో ఇమ్‌రీడ్‌కు ఇంగ్లిషు కాని అక్షరాలున్న పాత్ అర్థం కాదు. ఫైల్ అక్కడే కళ్లముందు ఉంటుంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకుంటుంది, ప్రోగ్రామ్‌కు మాత్రం కనబడదు. ఒకచోట ఉద్యోగం చేస్తున్నప్పుడు నాకూ ఇదే జరిగింది, యూజర్ పేరు తెలుగులో పెట్టుకున్న కంప్యూటర్ అది, కాబట్టి డెస్క్‌టాప్ మీద ఏ ఫోటో పెట్టినా పాత్ మధ్యలో తెలుగు వచ్చేది, రెండు రాత్రులు కోడ్‌లోనే తప్పు వెతికాను. ఫోల్డర్ పేరు ఇంగ్లిషులోకి మార్చడం సులువైన దారి. తెలుగు పేరే ఉంచాలంటే దానికీ దారి ఉంది: నంపైలోని ఫ్రమ్‌ఫైల్‌తో ఫైల్‌ను యూఇంట్8 రకం బైట్లుగా చదివి, ఆ బైట్లను సీవీ2.ఇమ్‌డీకోడ్‌కు ఇస్తే ఫోటో వచ్చేస్తుంది. రాసేటప్పుడు ఇమ్‌ఎన్‌కోడ్, టుఫైల్.

పేరు మార్చినా రాకపోతే ఇంకొన్ని ఉన్నాయి. పాత్‌లో వెనక్కి వాలిన గీత తర్వాత ఎన్ గానీ టీ గానీ వస్తే పైథాన్ దాన్ని కొత్త లైన్, ట్యాబ్ అనుకుంటుంది. ‘తోట’ అని ఇంగ్లిషులో రాస్తే టీ తోనే మొదలవుతుంది చూడు, అక్కడే దెబ్బ పడుతుంది. కోట్స్ ముందు ఆర్ అనే అక్షరం పెట్టు, లేదా గీతలన్నీ ముందుకు వాలినవి వాడు. విండోస్ ఫైల్ పేరు చివరి భాగం దాచేస్తుంది కాబట్టి నువ్వు ఆకు1 డాట్ జేపీజీ అనుకున్నది నిజానికి ఆకు1 డాట్ జేపీజీ డాట్ జేపీజీ అయి ఉండొచ్చు. ఫోన్‌లో తక్కువ జాగా పట్టే హెచ్‌ఈఐసీ రకంలో ఫోటోలు సేవ్ అవుతుంటే పిప్‌తో వచ్చే ఓపెన్‌సీవీ వాటిని చదవదు, కెమెరా సెట్టింగ్స్‌లో జేపీజీకి మార్చుకో.

ఎర్రర్‌కు సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను: ఆ ఫోటోలు వాట్సాప్‌లో పంపించుకుంటున్నావేమో, మామూలుగా పంపితే అది నొక్కేసి చిన్నవి చేస్తుంది, అప్పుడే మొదలైన సన్న మచ్చలు కలిసిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపుకో, లేదా కేబుల్ పెట్టి దించుకో. ఆకు పక్కన ప్రతిసారీ ఒక రూపాయి బిళ్ల పెట్టి తీస్తే కొలత కూడా దొరుకుతుంది.

ప్రశ్న: మా బాపు సాంచాలు (మరమగ్గాలు) నడుపుతాడు. బట్టలో పోగు తెగిన చోట కెమెరాతో పట్టాలని రాస్బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కొన్నాను. పిప్ కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అంటుంది. ఎట్లనో దాటిస్తే, బొమ్మను విండోలో చూపే ఇమ్‌షో దగ్గర ‘ద ఫంక్షన్ ఈజ్ నాట్ ఇంప్లిమెంటెడ్’ అంటుంది. కెమెరా కూడా తెరుచుకోవట్లేదు.
– ఐటీఐ విద్యార్థి, సిరిసిల్ల

జవాబు: తమ్ముడూ, మూడూ వేరువేరు సంగతులు, ఒకదానికొకటి సంబంధం లేదు.

మొదటిది లోపం కాదు, కావాలని పెట్టిన అడ్డు. రాస్బెర్రీ పై సిస్టమ్ తన సొంత పనులకు కూడా పైథాన్ వాడుకుంటుంది, అందులో నువ్వు ఏదో ఎక్కించి పాడుచేయకూడదని, దానికి ఆధారమైన డెబియన్ లినక్స్‌లో 12వ వెర్షన్ నుంచి తాళం వేశారు. ఆ తాళం పగలగొట్టే ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ వాడి ఉంటావు, ఇకముందు వాడకు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-ఓపెన్‌సీవీ’ అని కొడితే సిస్టమే తనకు సరిపోయేది తెచ్చిపెట్టుకుంటుంది, నీ పనికి అది చాలు. పిప్‌దే కావాలంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (సిస్టమ్‌ది ముట్టుకోకుండా నీ ప్రాజెక్టుకు వేరే పైథాన్ గది) కట్టుకుని దాంట్లో వేసుకో. ‘బిల్డింగ్ వీల్’ దగ్గర గంటలు గంటలు ఆగిపోతే అది మొత్తం లైబ్రరీని నీ చిన్న బోర్డు మీద కంపైల్ చేస్తోందని అర్థం, ఆపేసి పిప్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ కొట్టు, తయారుగా ఉన్నది దొరికితే నిమిషాల్లో అయిపోతుంది.

రెండోది: నీ దగ్గర హెడ్‌లెస్ ఎక్కింది. స్క్రీన్ లేని సర్వర్ల కోసం చేసిన ప్యాకేజీ అది, అందులో విండో తెరిచే భాగమే ఉండదు. నువ్వు వేయకపోయినా, బొమ్మల్లోని అక్షరాలు చదివే ఈజీఓసీఆర్ లాంటి లైబ్రరీలు తమతో పాటు దాన్ని తెచ్చుకుంటాయి. తీసేసి మామూలుది వెయ్. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది, డాకర్‌లోనో సర్వర్‌లోనో మామూలుది వేసినవాళ్లకు ‘లిబ్‌జీఎల్ డాట్ ఎస్ఓ డాట్ 1 దొరకలేదు’ అని వస్తుంది, వాళ్లు హెడ్‌లెస్‌కు మారాలి.

మూడోది కెమెరా. సన్నటి రిబ్బన్ కేబుల్‌తో బోర్డుకు తగిలించేదైతే, ఇప్పటి రాస్బెర్రీ పై సిస్టమ్‌లో ‘వీడియోక్యాప్చర్(0)’ దాన్ని నేరుగా తెరవలేదు, పైకెమెరా2 అనే లైబ్రరీతో ఫ్రేమ్ తీసుకుని దాన్ని ఓపెన్‌సీవీకి ఇవ్వాలి. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టేటప్పుడు ‘సిస్టమ్-సైట్-ప్యాకేజెస్’ ఆప్షన్ ఇవ్వకపోతే పైకెమెరా2 లోపల కనబడదు, మర్చిపోవద్దు. యూఎస్‌బీ వెబ్‌క్యామ్ అయితే ఈ గొడవ లేదు.

అన్నీ నడిచాక కార్ఖానాలో ఇంకో కష్టం వస్తుంది, బట్ట మీద నల్లటి పట్టీలు పాకుతున్నట్టు వీడియో వస్తుంది. అది పోగు తేడా కాదు, ట్యూబ్‌లైట్. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు ఆరి వెలుగుతుంది, కెమెరా షట్టర్ సెకనులో 100వ వంతు గానీ 50వ వంతు గానీ పెట్టి, ఆటో ఎక్స్‌పోజర్ ఆపేస్తే తగ్గిపోతుంది. పత్తి దూది లెన్స్ మీద పేరుకుంటుంది కదా, పూటకోసారి మెత్తటి గుడ్డతో తుడవమని బాపుకు చెప్పు. మగ్గం అదిరేటప్పుడు కెమెరా కూడా అదరకుండా గోడకు బిగిస్తే సగం పని అయినట్టే.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చిలో తాలు (రంగు పోయిన) కాయలను, మంచి కాయలను వేరుచేసే డెమో చేశాం. గుర్తుపట్టడం బాగానే ఉంది. కాయ పక్కన తెలుగులో పేరు రాయిస్తే మొత్తం ప్రశ్నార్థకాలే వస్తున్నాయి. రైతులకు చూపించాలి, తెలుగే కావాలి.
– ముగ్గురు మిత్రులు, వరంగల్

జవాబు: తెలుగే కావాలన్నందుకు ముందు మీకు దండం. పుట్‌టెక్స్ట్ ఫంక్షన్‌లో ఉన్నవి హెర్షీ అనే పాత గీతల ఫాంట్లు, వాటిలో ఇంగ్లిషు అక్షరాలే ఉన్నాయి, ఇంకేది ఇచ్చినా ప్రశ్నార్థకం వేస్తుంది. పిల్లో లైబ్రరీతో రాయాలి: ఓపెన్‌సీవీ బొమ్మను బీజీఆర్ (నీలం, ఆకుపచ్చ, ఎరుపు) వరస నుంచి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) వరసకు మార్చి, పిల్లో బొమ్మగా చేసి, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఫైలు ఇచ్చి రాయించి, తిరిగి వెనక్కి మార్చుకోవాలి.

అయితే అక్కడ ఆగకండి. ‘మిర్చి’ అనే మాట దగ్గర చూడండి, ర పక్కన పొల్లు, తర్వాత చి, ఇలా విడివిడిగా పడితే చదివే రైతుకు అది తెలుగులా అనిపించదు. గుణింతాలు, ఒత్తులు కలిపి కూర్చే పని రాకమ్ అనే భాగం చేస్తుంది. పిల్లోలోని ‘ఫీచర్స్.చెక్’కు రాకమ్ అని ఇచ్చి అడిగితే ఉందో లేదో చెప్తుంది. లేదంటే ఎక్కువగా ఫ్రిబిడి అనే లైబ్రరీ కంప్యూటర్‌లో లేకపోవడమే కారణం, ఉబుంటులో ఆప్ట్‌తో వేసుకోవచ్చు. డెమో దగ్గర పడి ఇదంతా చేసే టైము లేకపోతే, మీకు కావలసినవి రెండు మూడు మాటలే కదా, వాటిని ముందే బొమ్మలుగా తయారుచేసి పెట్టుకుని కాయ పక్కన అతికించండి. స్పీడు కూడా బాగుంటుంది.

మీ పని మిర్చి కాబట్టి ఒకటి అడుగుతున్నా: ఎరుపు పట్టడానికి హెచ్‌ఎస్‌వీ (రంగు, గాఢత, వెలుగు విడివిడిగా చూపే పద్ధతి) వాడారా? ఓపెన్‌సీవీలో రంగు అంకె 0 నుంచి 179 దాకా ఉంటుంది, ఎరుపు ఆ రెండు కొసల్లోనూ ఉంటుంది, 0 నుంచి 10 దాకా కొంత, 170 నుంచి 179 దాకా కొంత. ఒక్క మాస్క్ (కావలసిన రంగునే ఉంచే జల్లెడ) మాత్రమే వేస్తే ముదురు ఎరుపు కాయల్లో కొన్ని తప్పిపోతాయి, ఎంత మంచి చపాటా రకం మిర్చి అయినా తాలు కింద లెక్కలోకి పోతుంది. రెండు మాస్కులు వేసి కలపండి.

ప్రశ్న: గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చూపిస్తే నా ముఖం నీలంగా వస్తోంది.
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఓపెన్‌సీవీ రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో పెడుతుంది, మ్యాట్‌ప్లాట్‌లిబ్ తిరగేసి చదువుతుంది. చూపించేముందు ఆర్‌జీబీకి మార్చండి.

ప్రశ్న: విండో తెరుచుకుంటుంది కానీ బూడిద రంగులో ఉండి ‘నాట్ రెస్పాండింగ్’ అంటుంది.
– పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: ఇమ్‌షో తర్వాత వెయిట్‌కీ లేదు. బొమ్మను తెర మీదకు తెచ్చేది వెయిట్‌కీయే, వీడియో లూప్‌లో 1 అని, ఒక్క ఫోటోకైతే 0 అని ఇవ్వండమ్మా.

ప్రశ్న: నిన్నటిదాకా పనిచేసింది. ఏదో వేరే లైబ్రరీ ఎక్కించాక సీవీ2 ఇంపోర్ట్ దగ్గరే ‘కంపైల్డ్ యూజింగ్ నంపై 1’ అంటూ పెద్ద ఎర్రర్. ఇంకో విషయం, కెమెరా ఒక్కోసారి తెరుచుకోవడానికి అర నిమిషం పడుతుంది.
– ఉద్యోగి, నిజామాబాద్

జవాబు: ఆ వేరే లైబ్రరీ మీ నంపైని 2కి మార్చేసింది. 2024 జూన్‌లో నంపై 2 వచ్చింది, అంతకుముందు కట్టిన ఓపెన్‌సీవీ దాంతో కలవదు. ఓపెన్‌సీవీని 4.10కి గానీ ఆపైకి గానీ పెంచండి, లేదా నంపైని 2 కంటే తక్కువకు దించండి. దించేటప్పుడు ‘నంపై<2’ అన్నదాన్ని డబుల్ కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే కమాండ్ ప్రాంప్ట్ ఆ గుర్తును ఇంకోలా అర్థం చేసుకుంటుంది.

కెమెరా ఆలస్యం విండోస్‌లోదే అయితే, వీడియోక్యాప్చర్‌లో 0 పక్కన కామా పెట్టి సీవీ2.క్యాప్_డీషో అని ఇవ్వండి, చాలా కెమెరాలు వెంటనే తెరుచుకుంటాయి. అయినా రాకపోతే వెనకాల బ్రౌజర్‌లో ఏదైనా మీటింగ్ తెరిచి ఉందేమో చూడండి, కెమెరాను ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి దొరకదు.